గా బంగ్లాదేశ్ ఎవలే?

సుజన దోశ తిప్పుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపట్టి వింటోంది. ఎల్బీనగర్ దాటాక ఉన్న, విదేశాలకు చొక్కాలు కుట్టి పంపే ఫ్యాక్టరీలో ఆమె సూపర్‌వైజర్. అవతల మేనేజర్ ధనరాజ్ పాత పాటే పాడుతున్నాడు. కొనే కంపెనీ రేటు తగ్గించమంటోందట, ఈ ఆర్డర్ కోసం బంగ్లాదేశ్ కాచుకుని కూర్చుందట, అందుకని ఇవాళ్టి నుంచి ఆడవాళ్లంతా సాయంత్రం ఒక గంట ఊరికే కుట్టిపెట్టాలట. వాళ్లను ఒప్పించే భారం సుజనదేనట. బస్సెక్కేలోపు ఏ సంగతీ తేల్చి చెప్పమన్నాడు.

బంగ్లాదేశ్ ఇంకా తక్కువకే చేస్తుందట అని భర్త యోగేందర్‌తో వాపోయింది. గంటే కదా, చేస్తే అరిగిపోతారా అన్నాడతను. అక్కడితో ఆగితే యోగేందర్ ఎందుకవుతాడు? దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే చిన్నాన్న కొడుకు ఉపేంద్ర భార్య సంధ్యారాణిని చూసి నేర్చుకోమన్నాడు. ఉద్యోగం చేసొచ్చి కూడా రోజూ వేడివేడిగా జొన్నరొట్టెలు పెడుతుందట. పెళ్లయిన నాటి నుంచి సుజన ఆ రొట్టెల పొగడ్త వింటూనే ఉంది, ముక్క మాత్రం ఎరగదు.

రైతుబజార్ చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్త చంద్రమ్మ తలెత్తింది.

"గా బంగ్లాదేశ్ ఎవలే? ఎప్పుడు జూడు, ఆమె తక్కువకే చేస్తదంటవు. పొద్దుందాక గట్ల కుడితే ఆమె ఇంట్ల వంట ఎవలు చేస్తరు?"

అమ్మా, అది దేశం అని యోగేందర్ పగలబడి నవ్వాడు. సుజనకూ నవ్వాగలేదు, పెనం మీద దోశ మాడిపోయింది. నవ్వుతూనే ఆలోచనలో పడింది. అత్త అన్నదాంట్లో తప్పేముంది? తక్కువకు కుడుతున్నది దేశమా, ఆడదే కదా. అక్కడ మిషన్ ముందు కూర్చున్న ఆమెను కూడా ఎవడో మేనేజర్, హైదరాబాద్ ఇంకా తక్కువకే చేస్తుందట అని బెదిరిస్తూనే ఉంటాడు. మరి సంధ్యారాణిని ఎవరి పేరు చెప్పి బెదిరిస్తున్నారో? ఉండబట్టలేక ఆమెకే ఫోన్ చేసింది.

"అయ్యో అక్కా, మా ఇంట్ల పొద్దున లేస్తె నీ పేరే. సుజన వదిన నవ్వుకుంట అన్ని చేస్తది, నీకేమొచ్చిందంటరు."

రొట్టెల సంగతి అడిగితే, అవి సందు చివర బండి దగ్గర కొన్నవని బయటపెట్టింది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఇన్నేళ్లూ పేరు వింటేనే ఒళ్లు మండిన మనిషి మీద సుజనకు ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. ఇకమీదట ఒకరి పేరు చెప్పి ఇంకొకరితో చాకిరీ చేయించుకోనివ్వద్దని మాట అనుకున్నారు.

ఉద్యోగం పోతుందేమోనని సుజనకు లోపల బెదురు లేకపోలేదు. అయినా అట్లకాడ యోగేందర్ చేతిలో పెట్టి, మిగతా దోశలు పోసుకొమ్మని చెప్పి బయటపడింది. బస్టాప్‌లో ఉండగా ధనరాజ్ ఫోన్. ఊరికే ఎవరూ కుట్టరని, ఆ మాట తాను అడగను కూడా అడగనని చెప్పేసింది. బంగ్లాదేశ్ తగ్గి ఆర్డర్ ఎత్తుకుపోతే ఏం చేస్తావని అతను గద్దించాడు.

"ఇప్పుడే ఆమెతోని మాట్లాడిన సార్. ఆమె గూడ తగ్గదంట."