వదిన గోళ్లలో ఎర్ర సిరా

వదిన ఒక ప్రింటింగ్ ప్రెస్సులో సూపర్‌వైజరు, ఆడపడుచు అక్కడే మిషన్ ఆపరేటరు. ఇంట్లో ఎవరి మాట నెగ్గినా ప్రెస్సులో మాత్రం వదిన మాటే చెల్లుతుందని పదకొండేళ్లుగా అందరూ అనుకుంటున్నారు. ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికి ఆ నమ్మకం కాస్తా గల్లంతయింది.

"ఈ పని నేను చెయ్యను వదినా," అంది ఆడపడుచు, స్విచ్చి మీంచి చెయ్యి తీసేసి.

పనేమిటంటే, మద్యం సీసాల లేబుళ్లు. ఎర్రటి రంగు, మధ్యలో గుర్రం బొమ్మ. ఆడపడుచు ఆరు నెలల కిందట ఒక ప్రార్థన బృందంలో చేరింది. తాగను, పొయ్యను, ఒకరికి అందించను అని అక్కడ దేవుడికి మాటిచ్చింది.

"నువ్వు పోసేదేముందే? కాగితమేగా," అంది వదిన.

"ఆ కాగితం చూసేగా కొంటారు. నేను అందించినట్టే."

వదినకు దేవుడితో పెద్దగా రాకపోకలు లేవు. కానీ కోడలిగా వచ్చిన రోజున తన కొంగు పట్టుకుని వెనకే తిరిగిన ఈ పిల్లతో బాగా ఉన్నాయి. మెత్తగా చెప్పిందంటే ఇక మారదని ఆమెకు తెలుసు.

ఇంతలో యజమాని వచ్చాడు. చొక్కా మీద ముడత అన్నది ఎరగడు కాబట్టి అందరూ ఆయన్ని ఇస్త్రీ సారు అంటారు. విషయం విని గొంతు కూడా పెంచలేదు. "ఐదింటికి బండొస్తుంది. లేబుళ్లు అందులో ఎక్కకపోతే ఈ అమ్మాయి రేపటి నుంచి రానక్కర్లేదు," అనేసి వెళ్లిపోయాడు.

వదిన కొంగు బిగించింది. "నువ్వెళ్లి స్కూలు పుస్తకాల అట్టలు మడుచుకో," అని తనే మిషన్ ముందు నిలబడింది.

ఆ మిషన్ మీద ఆడపడుచుకు ఓనమాలు నేర్పింది వదినే. అయితే సూపర్‌వైజరయ్యాక దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని జోడుజోడుగా లోపలికి పోయాయి. ఒక గుర్రానికి తల లేదు, ఇంకోదానికి రెండున్నాయి. పదకొండు గంటలకల్లా చెత్తబుట్ట నిండిపోయింది.

మిషన్ టకటకమని మొరాయించినప్పుడల్లా ఆడపడుచు తన ఒంటికే దెబ్బ తగిలినట్టు ఉలిక్కిపడుతోంది. చివరికి ఆగలేక రెండడుగులు ముందుకేసింది.

"నోరు తెరిచావో, ఊరుకోను," అంది వదిన. "చెప్పినా చేసినట్టేగా, మీ లెక్కలో?"

ఆ పిల్ల నిజాయితీగా ఆలోచించింది. "అవును వదినా."

"అయితే పో."

కసిరింది గానీ వదిన మనసు కరిగిపోయింది. ఆ దేవుణ్ని తను నమ్మకపోయినా, ఆ పిల్ల ఆయనకిచ్చిన మాట మాత్రం పోకూడదనిపించింది.

మధ్యాహ్నం చెమట తుడుచుకుంటూ అటు చూసింది. ఆడపడుచు అట్టల కట్టను బల్ల మీద నిలబెట్టి, అంచులు వేళ్లతో విడదీస్తూ గాలాడిస్తోంది. సర్ది పెట్టింది. మళ్లీ ఎత్తి గాలాడించింది. మడతపెట్టే అట్టలకు ఆ పనేం అక్కర్లేదు. వదిన ఒక్క క్షణం అలాగే నిలబడి, నాలుక కరుచుకుంది. లేబుళ్ల కాగితాన్ని తను గాలాడించకుండానే పెడుతోంది పొద్దున్నుంచీ, అందుకే అతుక్కుంటోంది.

అక్కణ్నుంచి గుర్రాలు ఒంటి తలతో, బుద్ధిగా బయటికొచ్చాయి. పావు తక్కువ ఐదుకు పని అయిపోయింది.

ఇస్త్రీ సారు ఒక కాగితం వెలుతురుకెత్తి చూశాడు. "ఆ చెత్తబుట్టలోవి ఎవరు కొట్టారు?"

"నేనే."

"మరి ఇవి?"

"ఇవీ నేనేనండి. పొద్దున్న మర్చిపోయాను, మధ్యాహ్నానికి గుర్తొచ్చింది."

ఆయన ఆడపడుచు వైపు చూశాడు. "రేపు అట్టల రెండో విడత ఉంది. పెందరాళే రా అమ్మాయ్," అన్నాడు.

బండి వెళ్లిపోయాక ఆడపడుచు కిరసనాయిలు గుడ్డ తెచ్చి వదిన ఎదురుగా కూర్చుంది. "చేతులిటివ్వు."

"ముట్టుకోనన్నావుగా ఈ రంగు?"

"లేబుళ్లు ముట్టుకోనన్నాను. ఇవి మా వదిన చేతులు."

ఒక్కో గోరూ పట్టుకుని లోపలి ఎర్ర సిరా తుడుస్తుంటే, వదిన ఆ పిల్ల వంచిన తల వైపే చూస్తూ కూర్చుంది. ఆ అట్టల్ని గాలాడించింది అలవాటు కొద్దీనా, కావాలనా అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అడగలేదు. అడిగితే ఆ పిల్లకు అబద్ధమాడటం చేతకాదు.