మీసం లేని మనిషి

నరసింహప్ప కోలార్ బంగారు గనుల్లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాడు. భూమి లోపల తవ్విన దారులు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. గని మూతపడ్డాక కూడా కేజీఎఫ్‌లోని కార్మికుల లైన్లలోనే, పాత రేకుల ఇంట్లోనే, భార్య గురువమ్మతో ఉండిపోయాడు. డెబ్బై రెండేళ్లు వచ్చినా మనిషి గట్టిగానే ఉన్నాడు.

పక్క వరసలో పుట్టి పెరిగిన సౌభాగ్య బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తోంది. కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుంటే పాత గని లోపల తిరుగుతున్నట్టే ఉండే వర్చువల్ గనిని వాళ్లు తయారుచేస్తున్నారు. ఒక ఆదివారం ఆమె హెడ్‌సెట్ పట్టుకుని వచ్చింది.

"తాతా, లోపల తప్పులుంటే నువ్వే చెప్పల్ల."

మొదటిసారి పెట్టుకున్నప్పుడు నరసింహప్ప తన ఇంటి నడిమధ్యలో వంగి నడిచాడు. "దుంగ ఇట్ల నిలబడదమ్మా, బండ పక్కకి వాలి ఉండల్ల" అని గాలిలో చేత్తో చూపించాడు. సౌభాగ్య అన్నీ రాసుకుంది.

మూడో వారం ఆమె ఆ వర్చువల్ గనిలో ఒక మనిషిని చేర్చింది. తలమీద లైటు, గుబురు మీసం, నవ్వు ముఖం. అతను చెయ్యి ఊపి "రాన్నా, పోదాం" అంటాడు. అంతే.

నరసింహప్ప హెడ్‌సెట్ తీసేసరికి చెంపలు తడిగా ఉన్నాయి.

"చిక్కవెంకటప్ప" అన్నాడు.

చిక్కవెంకటప్ప గనిలో అతని జోడీ, రోజూ ఇలాగే చెయ్యి ఊపి పిలిచి లోపలికి దిగేవాడు. ముప్పై ఆరేళ్ల కిందట ఇద్దరూ ఒకే దుంగకు చెరో కొస పట్టుకుని ఉండగా లోపల బండ పేలింది. నరసింహప్ప బతికాడు. చిక్కవెంకటప్పను బయటికి తీయడానికి రెండు రోజులు పట్టింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం నరసింహప్ప సౌభాగ్య కోసం గడపలో కూర్చునేవాడు. తప్పులు చూడ్డానికి కాదు, ఆ మనిషిని చూడ్డానికి. పోయిన స్నేహితుణ్ణి ఒక ముసలాయనకు తిరిగి ఇచ్చానని సౌభాగ్య ఆఫీసులో గర్వంగా చెప్పుకుంది.

ఒకనాడు సంగటి తింటూ నరసింహప్ప అన్నాడు: "చిక్కవెంకటప్ప మీసం దువ్వుకుంటా నగుతా ఉంటే ఎట్ల ఉండేవాడు!"

వడ్డిస్తున్న గురువమ్మ చెయ్యి ఆగింది. "మీసమా? ఆయప్పకి మీసం యాడుండె? దినామూ గీక్కొనేవాడు గదా."

"ఉండె."

"లేదప్పా. నా చేతి ముద్ద తిన్న మనిషి, నాకు తెలీదా?"

నరసింహప్ప కళ్లు మూసుకున్నాడు. లైటు వెలిగింది, చెయ్యి ఊగింది, మీసాల మనిషి నవ్వాడు. తెరిచి మళ్లీ మూసుకున్నాడు. మళ్లీ అతనే. కంచం పక్కకు తోసి లేచిపోయాడు.

మరుసటి ఆదివారం సౌభాగ్య ఇంట్లో అడుగు పెట్టగానే అడిగాడు: "అమ్మా, ఆ మొకం ఎవరిది?"

ఆమె తడబడింది. "ఎవరిదీ కాదు తాతా. కంప్యూటర్ చేసింది. రెడీగా ఉంటే తీసి పెట్టినాను."

"మా వాని మొకం యాడికి పోయిందమ్మా ఇంగ? ఎంత తలుచుకున్నా నాకు కనపడ్లేదు."

సౌభాగ్య చిక్కవెంకటప్ప ఫొటో దొరికితే సరిపోతుందేమో అనుకుంది. ఆ రోజే ఇద్దరూ బస్సెక్కి కామసముద్రం వెళ్లారు. చిక్కవెంకటప్ప భార్య ఆదిలక్ష్మమ్మ అక్కడ పుట్టింటివాళ్ల రాగి చేను చూసుకుంటూ ఉంటుంది. సంగతి విని ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఫొటో ఒకటే ఉండె అన్నా, గని పాసులో. అది ఆయప్ప జేబులోనే పాయె."

తర్వాత, అడగకుండానే చెప్పసాగింది. ఎడమ కనుబొమ మీద గాటు. పైన ఒక పన్ను మీదికి ఇంకో పన్ను. గీక్కుని గీక్కుని గరుకెక్కిన గడ్డం. నరసింహప్ప ఒక్కొక్కదానికీ తల ఊపుతూ విన్నాడు. విన్నవన్నీ విడివిడిగా ఉండిపోయాయి, కలిసి ముఖం కాలేదు.

"ఏదీ, నేనూ చూస్తాను" అంది ఆదిలక్ష్మమ్మ. సౌభాగ్య వద్దంది. ఆమె వినలేదు. పెట్టుకుని, కాసేపు చూసి, తనే తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఈయప్పెవరో నాకు తెలీదు" అంది. గొంతులో కోపం లేదు. "నువ్వింగ దీన్ని పెట్టుకోవద్దన్నా."

నరసింహప్ప ఆమె ముందు పిల్లాడిలా ఏడ్చాడు.

సౌభాగ్య ఆఫీసులో పోట్లాడి ఆ మనిషిని గనిలోంచి తీయించింది. చూసినవాళ్లందరికీ నచ్చింది అతనే గదా, ఎందుకు తీయాలని పైవాళ్లు గొణిగారు. తీసేశామని చెప్పడానికి ఆమె వచ్చినప్పుడు నరసింహప్ప మర్యాదగా కాఫీ ఇప్పించాడు.

"మంచిదేనమ్మా. నాలోంచి మాత్రం పోలేదు."

ఆ మాట ఆమెను చాలా రోజులు వెంటాడింది. మళ్లీ ఆ గని పని ముట్టుకోలేక వేరే పని అడిగి మారిపోయింది.

నరసింహప్పకు కొత్త అలవాటొకటి పట్టుకుంది. గురువమ్మ బియ్యం ఏరుతున్నా, తల దువ్వుకుంటున్నా ఎదురుగా కూర్చుని ఆమె ముఖాన్నే రెప్పవేయకుండా చూస్తాడు. చెంప మీద పుట్టుమచ్చ, ముక్కు పక్క గీత, ఒక్కొక్కటే.

"ఏమట్ల చూస్తా ఉండావు?" అని ఆమె విసుక్కుంటుంది.

"ఊరికే" అంటాడు. చూపు మాత్రం తిప్పుకోడు.