ఊరంతా ఆయన గొంతే

పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వీధిలోకి వెళితే ప్రూఫ్‌రీడరుకి తన గొంతు తనకే ఎదురొచ్చేది. మూల మీద మందుల షాపులో కంప్యూటరు "పాస్‌వర్డ్ తప్పండీ, ఇంకోసారి చూసుకోండి" అని షాపాయనకి నచ్చజెబుతుండేది. నాలుగడుగులు వేస్తే బస్సు టికెట్ల కౌంటర్లో "కాస్త ఆగండి, పని జరుగుతోంది" అని మళ్ళీ అదే గొంతు. తెర మీద మాట కనబడిందంటే అది తెలుగులో రాసిన మనిషి గొంతుతో పలుకుతుంది మరి. అందులో ఆశ్చర్యపోవడానికేముంది? ఎవరి పనుల్లో వాళ్ళుండేవాళ్ళు. ఆయన ఎదురుపడినప్పుడు మాత్రం "ఏమండోయ్, ప్రింటరు దగ్గర మీ జలుబు ఇంకా తగ్గలేదే!" అని ఆటపట్టించేవాళ్ళు. నిజమే. ప్రింటరు తాలూకు మాటలన్నీ ఆయన ముక్కు దిబ్బడేసుకున్న రోజుల్లో రాశాడు. "కాగితం అయిపోయింది" అన్న మాట ఇప్పటికీ ప్రతి ఆఫీసులోనూ ముక్కుతోనే పలుకుతుంది.

ఇంటావిడకి మాత్రం ఒళ్ళు మండేది. "ఇంట్లో నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయి ఈయనకి. ఊరందరికీ మాత్రం ఎంత ఓపిగ్గా చెబుతాడో!" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. లోపల ఎంత గర్వమో ఆ నవ్వు చూస్తే తెలిసిపోయేది.

పగలు ఆయన ప్రెస్సులో పరీక్ష గైడ్ల అచ్చుతప్పులు దిద్దేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చునేవాడు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకోవచ్చు అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి ఉంది. దాన్ని తెలుగులోకి తేవాలని ఆయనకీ, రిటైరైన లెక్కల మాస్టారికీ పిచ్చి పట్టుకుంది. జీతమా, భత్యమా? ఏమీ లేదు. ఈయన రాయాలి, మాస్టారు చదివి సరేననాలి. మాస్టారు "పునఃప్రారంభింపుము" అని పెట్టమనేవారు. "దాని చేత పురాణం చెప్పించకండి మాస్టారూ, ‘మళ్ళీ మొదలుపెట్టు’ అంటే అర్థం కాదా?" అని ఈయన. వాదనయ్యాక ఇద్దరూ టీ తాగేవాళ్ళు.

"ఇంగ్లీషు రానివాడు యంత్రం ముందు తప్పు చేసినవాడిలా నిలబడకూడదండీ. నాకు కావలసింది అంతే" అనేవాడు ప్రూఫ్‌రీడరు. మంచి మాట. దాన్ని ఎవరూ కాదనలేదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, అమ్మడు. కుంటుతున్న పిల్లి కనబడితే చాలు, సంకనేసుకుని ఇంటికి తెచ్చేసేది. కుక్కకి కట్టు కట్టాలన్నా, కోడి మెడ వాల్చేసినా వీధివాళ్ళు ఈ పిల్లనే పిలిచేవాళ్ళు. పశువుల డాక్టరవ్వాలని దాని కోరిక. చదువులో చురుకే. కానీ దరఖాస్తులంటే హడలు. అన్ని గడులు, అన్ని నిబంధనలు, ఎక్కడ ఏం తప్పు రాస్తానో అని భయం. అచ్చుతప్పులు పట్టే నాన్న పక్కన కూర్చుంటే చాలు, తడుముకోకుండా నింపేస్తుంది. అది అడిగిందీ అంతే.

మొదటి ఏడాది అది కాగితాలు పట్టుకుని గుమ్మంలో నిలబడిన సాయంత్రం ఇంట్లో యుద్ధవాతావరణం. కొత్త వెర్షన్ విడుదలకి గడువు ఆ పూటే. ఏ భాషలోనైనా మాటల్లో చాలా భాగం పూర్తయితేనే ఆ భాషని అందులో చేరుస్తారు, లేకపోతే లేదు. మాటకో డబ్బా ఉంటుంది. డబ్బా నిండితే పని అయినట్టు లెక్క, ఖాళీగా ఉంటే కానట్టు. లోపల ఏం రాశారో ఆ లెక్కకి అక్కర్లేదు. మిగిలిపోయినవన్నీ ఎప్పుడో గాని కనబడని మాటలు. డిస్కు నిండిపోతేనో, ఏదో ఒకటి చెడిపోతేనో తప్ప వాటి మొహం ఎవరూ చూడరు.

"నాన్నా, ఒక్కసారి ఇది చూడవా" అంది అమ్మడు.

"తర్వాత చూద్దాం తల్లీ" అన్నాడు. విసుక్కోలేదు పాపం, ఎంతో మెత్తగా అన్నాడు. అంటూ, నోట్లో ఉన్న ఆ మాటనే ఎదురుగా ఉన్న ఖాళీ డబ్బాలో కొట్టాడు. తర్వాత చూద్దాం. డబ్బా నిండింది. లెక్క ఒక మెట్టు పైకి జరిగింది. ఇదేదో బాగుందే అనిపించింది మహానుభావుడికి. మిగిలిన డబ్బాలన్నిట్లోనూ అదే అతికించుకుంటూ పోయాడు. గడువు గట్టెక్కాక తీరిగ్గా కూర్చుని సరిచేద్దామని. మాస్టారు ఫోన్లో "నువ్వు రాసినదాన్ని నేను చదవడమేమిటయ్యా!" అని గంపగుత్తగా సరేననేశారు. తెలుగు గట్టెక్కింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా కేకలు పెట్టుకున్నారు.

ఆ ఏడాది అమ్మడు దరఖాస్తు పంపలేదు. మరుసటి ఏడాది మళ్ళీ కొత్త వెర్షన్, మళ్ళీ గుమ్మం, మళ్ళీ తర్వాత చూద్దాం. ఆ అతికించిన మాటలు మాత్రం ఆయన కళ్ళబడనేలేదు. నిండిన డబ్బాల్ని ఎవరు తెరిచి చూస్తారు? ఖాళీవే ముందుకొస్తాయి.

ఈలోగా ఊళ్ళో సేవా కేంద్రంవాళ్ళు ఆ సిస్టమ్ పెట్టుకున్నారు. అక్కడి అధికారి ప్రూఫ్‌రీడరు రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. జనం వచ్చి తమ భాషలో దరఖాస్తులు పెట్టుకుంటుంటే ఆయన గుమ్మం పక్కన నిలబడి చాలాసేపు చూశాడు. ఆ పూట ఇంట్లో ఇంటావిడ కూడా ఆయన్ని దెప్పలేదు.

మూడో ఏడాది వచ్చింది. పశువైద్య కాలేజీవాళ్ళ వయసు నిబంధన ప్రకారం అమ్మడికి అదే ఆఖరి అవకాశం. ఈసారి అది నాన్నని అడగలేదు. కాలేజీ దరఖాస్తులు సేవా కేంద్రం నుంచే వెళ్ళాలి. ఆఖరి రోజున తనే వెళ్ళి, లైన్లో నిలబడి, గడి గడీ మూడుసార్లు సరిచూసుకుని నింపింది. సర్టిఫికెట్లు జత చేసి, దణ్ణం పెట్టుకుని ‘పంపు’ అన్నది నొక్కింది. సరిగ్గా అప్పుడే డిస్కు నిండిపోయింది. చోటు లేదు, మీరు చేసిన పని భద్రం కాలేదు, మళ్ళీ ప్రయత్నించండి అని చెప్పవలసిన చోట ఆ కంప్యూటరు మెత్తగా, ప్రేమగా ఒకే ఒక్క మాట చెప్పింది.

"తర్వాత చూద్దాం."

అమ్మడికి గుండెలమీంచి బరువు దిగిపోయింది. ఇంటికి ఎగురుకుంటూ వచ్చి, "పంపేశాను నాన్నా. తర్వాత చూస్తారట" అంది.

"ఊఁ" అన్నాడాయన, తెర మీంచి చూపు తిప్పకుండా.

సీట్లు వచ్చినవాళ్ళ పేర్లు ప్రకటించిన రోజు అమ్మడి పేరు లేదు. రానివాళ్ళలోనూ లేదు. తండ్రీకూతుళ్ళు కేంద్రానికి పరిగెత్తారు. గుమస్తా వెతికి వెతికి, "అసలు ఈ అమ్మాయి దరఖాస్తే వెళ్ళలేదండీ" అన్నాడు.

"వెళ్ళింది. నా చేతుల్తో నొక్కాను" అంది అమ్మడు.

"నొక్కాక ఏమంది?"

అమ్మడు చెప్పేలోపే పక్క కంప్యూటర్లో ఎవరో ఫైలు దాచబోయారు. "తర్వాత చూద్దాం" అంది అది. గుమస్తా చెయ్యి ఊపాడు. "ఆఁ, అదేనండీ. డిస్కు నిండినప్పుడల్లా అలా అంటుంది. మాకు అలవాటే. ఏదో ఒకటి చెరిపేసి మళ్ళీ పంపుతుంటాం. ఈ అమ్మాయికి ఎవరూ చెప్పలేదా?"

ప్రూఫ్‌రీడరు ఆ కంప్యూటరు వైపు తిరిగాడు. ఆ గొంతు తనది. ఆ మెత్తదనం ఏ సాయంత్రానిదో, గుమ్మంలో నిలబడిన ఏ పిల్లతో అన్నదో ఆయనకి తెలుసు. కూతురి మొహం చూడలేక కీబోర్డు వంక చూశాడు.

"నేను భయపడలేదు నాన్నా" అంది అమ్మడు. "అది చెప్పింది నువ్వే కదా అని."

ఇంటికి వెళ్ళాక ఇంటావిడ ఏడ్చింది, తిట్టింది. "ఊళ్ళో వాళ్ళందరి పనీ చూశావు. నీ పిల్ల అడిగిన ఒక్క పని చూడలేకపోయావా? అది గుమ్మంలో నిలబడి నిలబడి ఎదిగిపోయిందయ్యా!" మర్నాడు ఆయన కాలేజీకి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాడు. గడువు దాటింది, వయసు దాటింది అన్నారు. తప్పు యంత్రంది అంటే, యంత్రం ఏమందని అడిగారు. చెప్పాడు. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

తర్వాత కూర్చున్నాడు. ఒక్కో డబ్బా తెరిచి, అతికించిన మాట తీసేసి, అసలు చెప్పవలసింది రాసుకుంటూ పోయాడు. మాస్టారు ఈసారి ఇంటికే వచ్చి ప్రతి మాటా పైకి చదివారు. మధ్యలో కళ్ళజోడు తీసి, "నేనైనా ఆరోజు చదవాల్సింది" అన్నారు. ఆ సాయంత్రం వాళ్ళు టీ తాగలేదు. దిద్దిన వెర్షన్ విడుదలైంది. అది పట్టుకుని ప్రూఫ్‌రీడరు కేంద్రానికి వెళ్ళాడు.

"బానే నడుస్తోంది కదండీ. నడుస్తున్నదాన్ని కదిపితే లేనిపోని తలనొప్పి" అన్నాడు అధికారి. మందుల షాపాయనా అదే అన్నాడు. బస్సు కౌంటరువాళ్ళు పైవాళ్ళని అడగమన్నారు. కొత్త మాటలు ఆయన ఇంటి కంప్యూటర్లో మాత్రమే చక్కగా పలికాయి.

అమ్మడు ఏదో ఒకటి చెయ్యాలి కదా. కేంద్రంలో తెలుగు బాగా వచ్చిన మనిషి కావాలంటే చేరింది. పిల్లుల్ని తీసుకురావడం మానేసింది. వీధివాళ్ళు కుక్కల్ని తెస్తే వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళమనేది. రోజంతా కౌంటరు ముందు నిలబడి, ఆ మాట వినబడినప్పుడల్లా పరుగెత్తుకెళ్ళేది. "లేవకండి, లేవకండి! ఆ మాట నమ్మకండి. మీ పని అవలేదు" అని వచ్చినవాళ్ళకి చెప్పేది. ముసలివాళ్ళు తెల్లబోయేవాళ్ళు. "అంత నెమ్మదిగా చెబుతున్నాడు కదమ్మా, పెద్దమనిషిలా ఉన్నాడు" అనేవాళ్ళు. "ఆయన అలాగే చెబుతాడండీ" అనేది అమ్మడు.

ఒక సాయంత్రం అది పని నుంచి వచ్చి, చెప్పులు విప్పి, గోడకానుకుని కూర్చుంది. ఇంటావిడ వంటింట్లో ఉంది. ప్రూఫ్‌రీడరు కంప్యూటరు ఆపేశాడు. ఈమధ్య కూతురు వచ్చే వేళకి ఆపేస్తున్నాడు. కంచం తెచ్చి దాని ముందు పెట్టాడు. ఎన్నాళ్ళ నుంచో గొంతులో తిరుగుతున్నదేదో ఇవాళైనా అనేయాలని నోరు తెరిచాడు.

"వద్దు నాన్నా" అంది అమ్మడు. కోపంగా అనలేదు, అలసిపోయి అంది. "పొద్దుట్నుంచీ నీ గొంతే వింటున్నాను. ఇంట్లోనన్నా కాసేపు ఊరుకో."

ఆయన నోరు మూసుకున్నాడు. అన్నం వడ్డించి, ‘చాలా?’ అని చేత్తోనే అడిగాడు. చాలని అది తల ఊపింది.