కట్టంగూర్‌లో డాక్టరు నిద్ర

పందొమ్మిది వందల యాభై ఏడు, తొలకరి రోజులు. ఊరూరా ఫ్లూ జరం. నార్కట్‌పల్లి దవాఖానకు రఘుపతి ఒక్కడే డాక్టరు. తెల్లారకముందే గేటు బయట ఎడ్లబండ్లు బారులు తీరేవి. నెల తిరిగేసరికి ఆయనకు మనుషులు కనిపించడం మానేశారు. నాలుకలు, గొంతులే కనిపించేవి.

ఒకరోజు పొద్దున్నే బిక్షమ్మ అనే ముసలామె, "సారూ, కాళ్లు గుంజుతున్నయి" అంది.

"అందరియీ గుంజుతున్నయి! నేనేం చెయ్యాలె?" అని అరిచాడు.

ఆమె బెదరలేదు. "నీయి గూడనా బిడ్డా?" అంది.

రఘుపతి మెడలోని స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టాడు. కాంపౌండరు ఐలేశంతో "ఇప్పుడే వస్త" అని చెప్పి బయటికి నడిచాడు. రోడ్డు మీద బస్సు కనిపిస్తే, ఎటు పోతుందో కూడా అడగకుండా ఎక్కాడు.

కూర్చోగానే నిద్రపట్టింది. ఎర్రబడ్డ కళ్లు, వాలిపోతున్న తల చూసి పక్కాయన "జరం మనిషి!" అన్నాడు. అంతే, బస్సంతా గోల. కండక్టరు కట్టంగూర్‌లో దించేశాడు.

రోడ్డు పక్క ఇంటి ముందు జొన్నలు చెరుగుతున్న హనుమమ్మ, ఈయన తూలడం చూసి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి మంచం మీద పడుకోబెట్టింది.

"నాకు జరం లేదమ్మా. నేను డాక్టర్ను."

"అట్లనే బిడ్డా, అట్లనే." భర్త యాదయ్య వైపు తిరిగి, "జరం తలకెక్కింది. మొన్న మన లింగయ్య గూడ తాసీల్దార్నన్నడు" అంది.

ఇంకోసారి చెబుదామనుకున్నాడు గానీ, నుదుటి మీద తడిగుడ్డ అంత చల్లగా ఉంటే ఎందుకనిపించింది. మజ్జిగ పోసిన జొన్న గటక తాగి, మర్నాడు కోడి కూసేదాకా పడుకున్నాడు.

"చూసినవా, నా చేత్తోని జరం దిగింది" అంది హనుమమ్మ.

రఘుపతి నవ్వాడు. ఆ వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిన్న ఒక అవ్వ మీద అరిచిన" అన్నాడు.

"పోయి కలువు. మాట్లాడితే పాయె" అన్నాడు యాదయ్య.

మొదటి బస్సుకే తిరిగొచ్చాడు. ఐలేశానికి ప్రాణం లేచొచ్చింది. ఎక్కువ బాధలో ఉన్న ఇద్దరిని నల్లగొండ పెద్ద దవాఖానకు పంపి, మిగతావాళ్లకు తోచిన మందిచ్చాడట. రఘుపతి బిక్షమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, మన్నించమని అడిగి, ఆమె మోకాళ్లు చూసి మందిచ్చాడు.

"రేపటి సంది పగటీలి గంటసేపు తలుపు మూయి, ఐలేశం. పండుకుంట."

"జనం ఊకుంటరా సారూ?"

ఊకోలేదు. నాలుగు రోజులు తిట్టారు. తర్వాత సద్దులు కట్టుకొచ్చుకుని ఆ గంటలోనే తినడం అలవాటు చేసుకున్నారు. డాక్టరు లేచి చాయ్ తాగి, ఒక్కొక్కరినీ ఏ ఊరు, వాన పడ్డదా, నాగళ్లు కట్టిండ్రా అని అడుగుతూ కూర్చునేవాడు. వరుస కొంచెం మెల్లగా కదిలేది. దసరా నాటికి జరాలు తగ్గాయి.