శరణమ్మ కుడికన్ను

ఆపరేషనైన మర్నాడు కుడికంటి పట్టీ విప్పగానే శరణమ్మకు కోడలు దీపిక ముక్కుపుడక తళుక్కున కనబడింది. ముందురోజు జహీరాబాద్‌లోని ఆ చిన్న కంటి దవాఖానలో శుక్లం తీయించుకున్నవాళ్లు ఆమెతో కలిపి తొమ్మిదిమంది. అందరూ నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు.

ఆపరేషనయ్యాక నాలుగో రోజు, శుక్రవారం పొద్దున్నే, చిరాగ్‌పల్లిలోని ఇంట్లో ఆమె కుడికంటికి పొగ కమ్మినట్టయింది. మధ్యాహ్నానికి కన్ను ఎర్రబడి, నొప్పి కణత దాకా పాకింది. దీపికను వెంటబెట్టుకుని దవాఖానకు పోతే కాంపౌండర్ వీరప్ప టార్చి వేసి చూశాడు.

"చేన్ల దుమ్ము పడ్డదమ్మా. చుక్కలేసుకో, తగ్గుతది."

"చేన్ల కాలే పెట్టలే. తలకు నీళ్లు పోసుకోలే. చుక్కలు నా కోడలు చేతులు కడుక్కొని టైముకు ఏసింది. నిన్న కనవడ్డది ఇయ్యాల కనవడ్తలేదు. డాక్టర్‌ను పిలువు."

"సార్ సోమవారం వస్తడు."

"నా కన్ను సోమవారం దాక ఆగుతదా? ఆపరేషన్ కాగితాలియ్యి."

ఇచ్చేదాకా ఆమె కదల్లేదు. ఆ కాగితాలతోనే ఇద్దరూ హైదరాబాద్ బస్సెక్కారు.

అక్కడి పెద్ద దవాఖానలో డాక్టరమ్మ చూసీ చూడగానే ఆపరేషన్‌లోనే క్రిములు చేరి కంటి లోపల చీము పట్టిందని చెప్పి, అప్పటికప్పుడు కంట్లోకే సూది మందు ఎక్కించింది. మంచంమీద పడుకున్న శరణమ్మకు మిగతా ఎనిమిదిమంది గుర్తొచ్చారు. ఆపరేషన్ రోజు పక్క మంచంలో ఉన్న ఝరాసంగం ఊరి చంద్రప్పకు ఫోన్ కలపమని దీపికతో అంది.

"నాగ్గూడ పొద్దుగాల్నుంచి ఎర్రగైంది చెల్లే. దుమ్మన్నరు."

"దుమ్ము గాదన్నా! ఇప్పుడే బస్సెక్కు!"

సోమవారం ఆమె కంటికి మూతతోనే జహీరాబాద్ దవాఖానలో దిగింది. ఆపరేషన్ కోసం బెంచీమీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. డాక్టర్ గబగబా ఎదురొచ్చాడు.

"లోపలికి రా అమ్మా, మాట్లాడుకుందం."

"లోపలెందుకు? ఈడనే మాట్లాడుత. ఆ గది పరీక్ష చేపించేదాక ఎవ్వరి కంటి మీద కత్తి పెట్టొద్దు. మాతోటి చేపించుకున్న ఏడుగురికి నా ముంగటనే ఫోన్ చెయ్యి."

బెంచీమీద వాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. డాక్టర్ వాళ్లవైపు చూసి ఫోన్ తీశాడు. ఏడుగురిలో ఇంకొకామెకు కన్ను ఎర్రబడిందని తేలింది. ఆమెనూ వెంటనే హైదరాబాద్ పంపారు. ఆ వారంలోనే జిల్లా నుంచి అధికారులు వచ్చి ఆపరేషన్ గదికి తాళం వేశారు.

చంద్రప్పకూ, ఆ ఇంకొకామెకూ చూపు పూర్తిగా వచ్చింది. శరణమ్మకు సగమే వచ్చింది. మనుషుల్ని గుర్తుపడుతుంది గానీ, బస్సు బోర్డు చదవలేదు.

"ఎడమ కంట్ల గూడ శుక్లం ఉన్నది గదా అత్తమ్మా," అంది దీపిక భయంభయంగా. "ఉండనిద్దమా?"

"ఎందుకుండనియ్యాలె? భయపడి మూల కూసుంటననుకున్నవా? చేపించుకుంట. గది ఎట్ల కడుగుతరో, సామాను ఎట్ల ఉడకబెడ్తరో అన్నీ అడిగినంకనే పండుకుంట."

మూడు నెలల తర్వాత అలాగే అడిగింది. హైదరాబాద్ డాక్టరమ్మ ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పాకే ఆపరేషన్ బల్లమీద పడుకుంది.