తువ్వాల కింద బేరం

నేను లావుగా ఉంటాను. ఈ మాట నేనే ముందు చెప్పేస్తే నయం, లేకపోతే మా నాయిన చెప్పేస్తాడు. మా నాయిన మల్లేష్ పెబ్బేరు సంతలో ఎడ్ల బేరగాడు. ఆమడ దూరం నుంచి చూసి ఎద్దు బరువు చెప్పగలడని పేరు. ఆ విద్యను సంతలోనే కట్టేసి రావచ్చు కదా! రాడు. గడపలో అడుగు పెడుతూనే నన్ను ఎగాదిగా చూసి, "యామినీ, మల్ల పెరిగినవ్ బిడ్డా" అంటాడు. ఆ ఊపిరిలోనే "మార్కులెన్ని?" అంటాడు.

నేను ఇంటర్ రెండో సంవత్సరం, వనపర్తిలో కోచింగ్. డాక్టర్ కావాలన్నది నా కోరికే, ఎవరి బలవంతమూ లేదు. కానీ వారం వారం పరీక్ష పెట్టి, "మార్కులు ఇచ్చాము, మీ అమ్మాయిని అడగండి" అని తండ్రులకు మెసేజ్ కొట్టే ఆ కాలేజీవాళ్ల నోట్లో మన్ను పడ!

అందరికీ ఆకలి కడుపులో పుడుతుంది. నాకు మా నాయిన ఫోన్‌లో పుడుతుంది. అది టింగుమంటే చాలు, నా చెయ్యి మురుకుల డబ్బాలోకి పోతుంది. రుచి తెలియదు, ఎంత తిన్నానో తెలియదు. డబ్బా అడుగు వేళ్లకు తగిలాక తెలుస్తుంది. అప్పుడు ఏడుపొస్తుంది. ఏడుపొస్తే మళ్లీ ఏదైనా నమలాలనిపిస్తుంది.

మా అమ్మ సరిత తన వైద్యం మొదలుపెట్టింది. మురుకుల డబ్బాను బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టి తాళం వేసింది. చుట్టాలింట్లో పెళ్లికి అమ్మ కట్టుకుపోయిన గద్వాల చీర మురుకుల వాసన కొడుతోందని చుట్టాలు ముక్కులు ఎగబీల్చారే గానీ, నేను మాత్రం ఆగలేదు. పచ్చి సేమియా తిన్నాను. చింతపండు తిన్నాను. ఒకనాడు అవ్వ దేవుడి ముందు పెట్టిన పుట్నాలు, దేవుడు చూస్తుండగానే తిన్నాను.

"పోరికి దయ్యం గిట్ల పట్టిందేమో, తాయెత్తు కట్టిద్దం" అంది మా అవ్వ గురవమ్మ.

"దయ్యం నాయిన ఫోన్‌ల ఉందవ్వా" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఒక సంత రోజు ఫిజిక్స్ పరీక్షలో నిండా మునిగి వచ్చి బస్సు దిగాను. మా వాకిట్లో మంచం మీద కొత్తకోట నుంచి వచ్చిన బేరగాళ్లిద్దరు చాయ్ తాగుతున్నారు. నాయిన ఫోన్ టింగుమంది. నాయిన నన్ను చూపించి, "మార్కులు తర్వాత అడుగుత. ముందుగాల మా బిడ్డ ఎన్ని కిలోలుంటదో చెప్పుండ్రి, సూద్దాం!" అన్నాడు. వాళ్లలో ఒకడు నిజంగానే కళ్లు చికిలించి లెక్క మొదలుపెట్టాడు. భూమి చీలితే బాగుండనిపించింది. చీలినా అందులో నేను పట్టనని మా నాయినే అనేవాడు.

నా కాళ్లు వాటంతటవే వంటింట్లోకి నడిచాయి. అక్కడ ఉత్త బియ్యం తప్ప నమలడానికి ఏమీ మిగల్లేదు. ఒళ్లు మండిపోయింది. వెనక్కి వచ్చి, నాయిన భుజం మీది తువ్వాల లాగి, ఆయన కుడిచేతి మీద వేసి, కింద నుంచి చెయ్యి పట్టుకున్నాను.

పక్కవాళ్లకు ధర తెలియకుండా సంతలో బేరం ఇలాగే చేస్తారు. నోరు మెదపరు. తువ్వాల కింద ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. తువ్వాల పడ్డాక చెయ్యి వెనక్కి తీసుకోవడం బేరగాడికి పరువు తక్కువ.

"ఏం బేరం బిడ్డా?" నాయిన నవ్వుతున్నాడు.

ఆయన చెవిలో చెప్పాను. "నా బరువు, నా మార్కులు. దినానికి ఎన్నిసార్లు అడుగుతవ్?"

నాయిన నా నాలుగు వేళ్లు పట్టుకున్నాడు. విదిలించుకుని, పట్టుకోవడానికి ఒక్క వేలూ లేకుండా పిడికిలి బిగించాను. విప్పి మూడు పట్టాడు. మళ్లీ బిగించాను. రెండు పట్టాడు.

"పశువేదో చెప్పకుంట బేరమేందన్నా?" అంటూ కొత్తకోట వాళ్లు మెడలు సాచారు.

నాయిన ఒక్క వేలు దగ్గర ఆగిపోయాడు. ఇక దిగేలా లేడు. అవతలివాడి చెయ్యి వణికితే వాడు అవసరంలో ఉన్నాడని అర్థం, అప్పుడు బేరగాడు మరింత బిగించాలి. అది వాళ్ల విద్య. నా చెయ్యి వణుకుతోంది, చెమటతో తడిసిపోయింది. కొరికి కొరికి గోళ్లు మిగలని నా వేళ్ల మీద ఆయన బొటనవేలు మెల్లగా తిరిగింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది. పట్టుకున్న వేలు వదిలి, నా పిడికిలిని అలాగే తన అరచేతిలో మూశాడు.

"అయిపాయె, బేరం కుదిరింది" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కానీ ఏమీ నమలాలనిపించలేదు.

మా నాయినది ఒకటే మాట. మరుసటి వారం ఫోన్ టింగుమన్నప్పుడు నేను గడపలోనే ఉన్నాను. నాయిన నోరు తెరిచాడు, మూశాడు. బయట వాన కురుస్తుంటే "ఎండ మంచిగ కొడుతుంది" అన్నాడు. తర్వాత మూలకు పోయి, విత్తనానికి దాచిన పల్లికాయల సంచి విప్పుకుని కూర్చున్నాడు. ఒలుస్తున్నాడు, తింటున్నాడు, ఒలుస్తున్నాడు.

"ఓ అయ్యా, గవి ఇత్తనపు కాయలు! చేన్ల ఏం పెడ్తవ్?" అని అమ్మ అరిచింది. ఆయనకు వినపడలేదు. అలా వినపడకపోవడం ఎలా ఉంటుందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. కోపమంతా పోయి జాలేసింది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఆకలైతుందా నాయినా, భయమైతుందా?"

నాయిన చేతిలోని కాయను చూశాడు. ముందున్న పొట్టు కుప్పను చూశాడు.

"భయమే బిడ్డా" అన్నాడు.

సంచి మూతి కట్టేసి, అడక్కుండానే నా మార్కులు చెప్పాను. గొప్పవేం కావు. అయినా ఆయన చెయ్యి మళ్లీ సంచి వైపు పోలేదు.