ఐదో బెజ్జం

మెకానిక్కు విమానం లోపల మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో రివెట్టునీ డ్రిల్లుతో తొలిచి ఊడదీస్తున్నాడు. ఇంకో ఆరు ఊడితే పైలట్ సీటు కింది పాత పట్టా చేతికొస్తుంది. నాలుగు సీట్ల బుల్లి విమానం. సీటు ముందుకీ వెనక్కీ జరిగేది ఈ పట్టా మీదే. జరిపిన చోట ఒక పిన్ను పట్టా బెజ్జంలో దిగి దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. బెజ్జం అరిగితే పిన్ను నిలవదు. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు.

మూడు రోజుల కింద, విమానం నేల వదులుతుండగా, ఈ సీటు సర్రున వెనక్కి జారింది. అందులో ఉన్నది మెకానిక్కు బావ, సొంత అక్క మొగుడు. పాతికేళ్లుగా జనానికి విమానం నేర్పుతున్న మనిషి. చేతిలోని స్టీరింగును కూడా లాక్కుంటూ వెనక్కి పోయాడు. విమానం ముక్కు నిటారుగా లేచింది. పక్క సీట్లో నేర్చుకుంటున్న పళ్ల డాక్టరమ్మ తన స్టీరింగును బలంకొద్దీ ముందుకు తోసింది కాబట్టి ఇద్దరూ బతికి బట్టకట్టారు.

"లాక్ పడిందో లేదో నేనే చూసుకోలేదేమో" అన్నాడు బావ దిగగానే. ఎందుకైనా మంచిది, పట్టాలు మార్చెయ్యమన్నాడు విమానాల స్కూలు మేనేజరు.

ఆ రోజే మెకానిక్కు చూశాడు. సీటు వెనక్కి పోయి ఉంది కాబట్టి ఐదో బెజ్జం పైకే కనబడింది. గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది. రెండు నెలల కిందటి చెకింగులో బెజ్జాలన్నీ గేజి పెట్టి కొలిచానని సంతకం పెట్టింది తనే. కొలిచాడు కూడా, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని మీద సీటు ఉంది. జరపాలంటే మొండి లివరు, పైగా నడుం నొప్పి. మిగతావి బాగానే ఉన్నాయి కదా అనుకున్నాడు. ఎక్కిన ప్రతివాడూ సీటు ఆపేది అక్కడే అని తెలిసీ అనుకున్నాడు.

సాగిన బెజ్జం చూశాక భయం వేస్తుందనుకున్నాడు. వెయ్యలేదు. తిమ్మిరెక్కిన కాలు ఎవరిదోలా ఉంటుందే, ఒళ్లంతా అలా ఉంది.

"ఏరా బావమరిదీ, నా సింహాసనం పీకేశావా?" బావ తలుపులోంచి తల పెట్టాడు.

"కొత్త పట్టాలు వేస్తున్నా బావా."

"ఎవడి కోసంలే. నాలుగింటికి కాగితం ఇచ్చేస్తున్నా, ఇక ఎగరనని."

మెకానిక్కు డ్రిల్లు ఆపాడు.

"సీటు జరిపి ఊపి చూశాననీ, టక్కుమందనీ నా చెయ్యి చెబుతోందిరా. మరి లాక్ పడితే ఎలా జారుతుంది? మతి పోతున్నట్టుంది నాకు. నిన్న పొయ్యి కట్టేశానో లేదోనని నాలుగుసార్లు లేచా. మెళ్లో అడ్రసు బోర్డు కట్టి వదుల్తానంటోంది మీ అక్క."

బావ నవ్వాడు. మెకానిక్కు నవ్వలేదు. చివరి రివెట్టు ఊడదీసి, పట్టా లేపి బావ చేతికిచ్చాడు.

"లాక్ పడింది బావా. ఐదోది చూడు."

బావ చిటికెన వేలు పెట్టి బెజ్జంలో అటూ ఇటూ ఆడించాడు. చాలాసేపు ఆడించాడు.

"కొలవలేదా?"

"మిగతావన్నీ కొలిచా. దీని మీద సీటుంది. జరపలేదు."

"సంతకం పెట్టావు."

"పెట్టా."

"ఇదెప్పుడు చూశావు?"

"జారిన రోజే."

బావ వేలు తీశాడు. "మూడు రోజుల్నించీ నా ఎదురుగా కూర్చుని మా ఇంట్లో అన్నం తిన్నావు కదరా. నేను పొయ్యి చూడ్డానికి లేస్తుంటే, కట్టేసే ఉంది కూర్చో బావా అన్నావు."

మెకానిక్కుకు ఆ పొయ్యి గుర్తొచ్చింది. నిజంగా కట్టేసే ఉంది.

"మేనేజరుకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా."

"మీ అక్కకి కూడా. ఆ పని నాకు పెట్టకు."

పట్టా తిరిగి అతని చేతిలో పెట్టి బావ ముందు నడిచాడు. ఆఫీసు దాకా వెనక్కి చూడలేదు. తలుపు మాత్రం తెరిచి పట్టుకున్నాడు. మెకానిక్కు లోపలికి వెళ్లి, మేనేజరు బల్ల మీద పట్టా పెట్టి, రెండు నెలల కింద తను సంతకం పెట్టిన పేజీ తియ్యమన్నాడు.